మూడు మెట్రో లైన్లు, ముప్ఫై రెండు జట్లు: దోహాలో ప్రపంచకప్ దారి

దోహా మెట్రోకు మూడు లైన్లున్నాయి. ఉత్తరాన లుసైల్ నుంచి దక్షిణాన అల్ వక్రా దాకా రెడ్ లైన్, నగరం నడిబొడ్డు నుంచి పడమటి ఎడారి అంచుకు గ్రీన్ లైన్, తూర్పు తీరాన రాస్ బు అబూద్ నుంచి నైరుతి దిక్కున అల్ అజీజియా వరకు గోల్డ్ లైన్ సాగుతూ, మూడూ మషీరిబ్ స్టేషన్‌లో కలుస్తాయి. 2019లో మొదలై, 37 స్టేషన్లతో సుమారు 76 కిలోమీటర్లు పరుచుకున్న ఈ మార్గాల చుట్టూనే 2022 నవంబరు 20 నుంచి డిసెంబరు 18 వరకు పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్ నడిచింది. ఎనిమిది స్టేడియాల్లో అయిదింటికి మెట్రో దిగి నడిచి వెళ్లవచ్చు; అల్ తుమామా, అల్ జనూబ్ స్టేడియాలకు స్టేషన్ దగ్గర బస్సు మారాలి; అల్ ఖోర్ పట్టణంలోని అల్ బైత్ ఒక్కటే మెట్రోకు అందని దూరంలో ఉంది. అన్నిటికంటే ఎడంగా ఉన్న రెండు స్టేడియాల మధ్య దూరం కూడా 75 కిలోమీటర్లే. తెలంగాణ విస్తీర్ణంలో సుమారు పదో వంతున్న ఖతార్, ఈ పోటీకి ఆతిథ్యమిచ్చిన దేశాలన్నిటిలోనూ చిన్నది.

ఈ చిన్నతనం వల్ల ప్రేక్షకుడికి మునుపెన్నడూ లేని ఒక వీలు దొరికింది. బ్రెజిల్‌లోనో రష్యాలోనో జరిగిన పోటీల్లో ఒక నగరం నుంచి మరో నగరానికి వేల కిలోమీటర్లు విమానంలో ఎగరవలసి రావడంతో, అభిమాని తన జట్టు వెంట మాత్రమే తిరగగలిగాడు. టోర్నీ మొత్తంగా ఎలా అల్లుకుందో అతనికి పత్రికల్లోని పట్టికల ద్వారానే తెలిసేది. దోహాలో అదే మనిషి ఒక సాయంత్రం ఒక గ్రూప్ ఆట చూసి, మెట్రోలో మారి, అదే రాత్రి మరో గ్రూప్ ఆటకు చేరుకోగలిగాడు. ఫుట్‌బాల్ టోర్నీ నిర్మాణాన్ని కొత్తగా నేర్చుకోదలచినవారు ఈ నగరంలో స్టేడియం నుంచి స్టేడియానికి వరుసగా తిరిగితే, ఏ నియమం ఎందుకు పుట్టిందో, అది తేడా చూపిన చోటు ఏదో రెండూ తెలుస్తాయి.

ఆ నియమాలన్నిటి వెనుక ఉన్నది ఒక పాత ప్రయాణ సమస్య. ఓడిన జట్టు వెంటనే ఇంటిదారి పట్టే పద్ధతిని నాకౌట్ అంటారు; సంక్రాంతికి తెలుగు ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతివే. 1934లో ఇటలీలో 16 జట్లతో జరిగిన ప్రపంచకప్ మొదటి ఆట నుంచే నాకౌట్ కావడంతో, ఓడల్లో అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చిన బ్రెజిల్, అర్జెంటీనా జట్లు ఒక్కొక్క ఆట ఆడి, ఒకటి స్పెయిన్ చేతిలో, మరొకటి స్వీడన్ చేతిలో ఓడి, వచ్చినంత దూరమూ తిరిగి వెళ్లిపోయాయి. దీనికి పూర్తిగా ఎదురైన పద్ధతి లీగ్: ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఆడాలి. న్యాయంలో దీనికి సాటి లేదు గానీ, 32 జట్లు ఈ పద్ధతిలో తలపడితే 496 ఆటలు జరపవలసి వస్తుంది. 1950లో బ్రెజిల్‌లో నిర్వాహకులు గ్రూపుల్లో నెగ్గిన నాలుగు జట్లకు చివరి దశను కూడా లీగ్‌గానే పెట్టడంతో, ఆ ప్రపంచకప్‌కు నియమాల ప్రకారం ఫైనల్ అనేదే లేకపోయింది. చివరి ఆటలో డ్రా చేసుకున్నా చాలునన్న స్థితిలో ఉన్న బ్రెజిల్‌ను మరకానా మైదానంలో ఉరుగ్వే 2–1తో ఓడించి కప్పు తీసుకుపోవడం చరిత్ర. అర్హత దక్కినా భారత జట్టు వెళ్లకుండా విరమించుకున్న పోటీ కూడా అదే. దూరం నుంచి వచ్చిన జట్టుకు కనీసం కొన్ని ఆటలు హామీ ఇవ్వాలి, అదే సమయంలో నెల రోజుల్లో ఒక విజేతను తేల్చాలి అన్న రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీయే ఇప్పటి రూపం: ముందు చిన్న చిన్న లీగులుగా గ్రూప్ దశ, ఆ తరువాత నాకౌట్ దశ.

గ్రీన్ లైన్ పడమటి కొసన అల్ రిఫా స్టేషన్‌లో దిగితే, ఎడారి ఇసుక మొదలయ్యే చోట అహ్మద్ బిన్ అలీ స్టేడియం కనిపిస్తుంది. యాత్రను ఇక్కడి నుంచి మొదలుపెట్టడం సబబు. ఎందుకంటే ప్రపంచకప్‌లో అడుగుపెట్టే చివరి రెండు తలుపులు 2022 జూన్‌లో ఇక్కడే తెరుచుకుని మూసుకున్నాయి. ఫిఫా, అంటే ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య, తన 211 సభ్య సంఘాలను ఖండాలవారీగా ఆరు సమాఖ్యలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఇన్ని స్థానాలని ముందుగానే కేటాయిస్తుంది. 2022కు యూరప్‌కు 13, ఆఫ్రికాకు 5, ఆతిథ్య జట్టు కాక ఆసియాకు నాలుగున్నర, దక్షిణ అమెరికాకు నాలుగున్నర, ఉత్తర, మధ్య అమెరికాలకు మూడున్నర, ఓషియానియాకు అర స్థానం దక్కాయి. అర స్థానమంటే వేరొక ఖండపు జట్టుతో ఒకే ఒక ప్లేఆఫ్ ఆట ఆడి నెగ్గి తెచ్చుకోవలసిన స్థానమని అర్థం. ఆ ఆటలు ఈ స్టేడియంలోనే జరగగా, జూన్ 13న ఆస్ట్రేలియా పెనాల్టీల మీద పెరూను, మరునాడు కోస్టారికా 1–0తో న్యూజిలాండ్‌ను దాటి లోపలికి వచ్చాయి. నాలుగుసార్లు విజేత అయిన ఇటలీ మాత్రం యూరప్ ప్లేఆఫ్‌లో ఉత్తర మాసిడోనియా చేతిలో ఓడి ఇంటి దగ్గరే ఉండిపోయింది. భారత్ ఆసియా రెండో రౌండులో ఖతార్ ఉన్న గ్రూపులోనే పడి, 2019 సెప్టెంబరులో దోహాలో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు పట్టుదలతో ఖతార్‌ను 0–0తో నిలువరించినా, గ్రూపులో మూడో స్థానంతోనే ఆగిపోయింది. ఆతిథ్యమిచ్చే దేశానికి అర్హత పోటీ అవసరం లేకున్నా, ఆ రౌండే ఆసియా కప్ అర్హతకు కూడా లెక్క కావడంతో ఖతార్ అందులో ఆడింది.

రెడ్ లైన్ మీద వెస్ట్ బే ఆకాశహర్మ్యాలు దాటిన తరువాతి స్టేషన్ దోహా ఎగ్జిబిషన్ అండ్ కన్వెన్షన్ సెంటర్. 2022 ఏప్రిల్ 1న గ్రూపుల కోసం చీట్లు తీసిన చోటు ఇది. చీట్లు తీయడమంటే అంతా అదృష్టానికి వదిలేయడం కాదు. ఫిఫా ర్యాంకింగ్ ప్రకారం జట్లను ఎనిమిదేసి చొప్పున నాలుగు పాత్రల్లో వేసి, ఒక్కొక్క పాత్ర నుంచి ఒక్కొక్క జట్టును ‘ఎ’ నుంచి ‘హెచ్’ వరకు ఎనిమిది గ్రూపులకు పంచారు. అందువల్ల పెద్ద జట్లన్నీ ఒకే గ్రూపులో గుమికూడవు. ఆతిథ్య జట్టు ర్యాంకుతో పని లేకుండా మొదటి పాత్రలోకి వస్తుంది. ఒకే ఖండపు జట్లు ఒక గ్రూపులో రెండు పడకూడదు. జట్లు ఎక్కువ కాబట్టి యూరప్‌కు మాత్రం రెండింటి వరకు అనుమతి ఉంది. ఇన్ని కట్టుబాట్ల నడుమ కూడా చిత్రాలు జరుగుతూనే ఉంటాయి: ర్యాంకింగులో కాస్త దిగి రెండో పాత్రలో పడిన జర్మనీ, మొదటి పాత్రలోని స్పెయిన్‌తో కలిసి ‘ఇ’ గ్రూపులో తేలింది. పెద్ద జట్లకు రక్షణ కల్పించే ఈ ఏర్పాటును న్యాయమనేకంటే వ్యాపార జాగ్రత్త అనడమే నిజానికి దగ్గర; చివరి వారాల్లో ప్రసారాలకు పేరున్న జట్లు కావాలి.

2022 గ్రూప్ దశ లెక్క తేలికైనది. నాలుగు జట్లలో ప్రతిదీ మిగిలిన మూడింటితో ఒక్కొక్కసారి ఆడుతుంది కాబట్టి గ్రూపుకు ఆరు ఆటలు, ఎనిమిది గ్రూపులకు 48 ఆటలు. గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, గోల్స్ సమానమై ఆట డ్రా అయితే ఇద్దరికీ ఒక్కొక్క పాయింటు, ఓడితే సున్నా. 1994కు ముందు ప్రపంచకప్‌లో గెలుపుకు రెండే పాయింట్లుండేవి; రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం కావడంతో జట్లు గోల్ కొట్టడం కంటే గోల్ పడకుండా కాచుకోవడానికే మొగ్గుతున్నాయని మూడుకు పెంచారు. మూడేసి ఆటలు ముగిశాక గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు వెళ్లాయి, మిగిలిన రెండూ సామాను సర్దుకున్నాయి. పత్రికల్లో అచ్చయ్యే పట్టికలో ఆడినవి, గెలిచినవి, డ్రా అయినవి, ఓడినవి, కొట్టిన గోల్స్, ఇచ్చిన గోల్స్, వాటి తేడా, పాయింట్లు అన్న వరుస ఉంటుంది. కొత్తవారి కళ్లు చివరి గడి మీదే నిలుస్తాయి గానీ, తరచుగా తీర్పు చెప్పేది దానికి ముందున్న గడి.

ఈ దశ ఎవరిని కాపాడడానికి పుట్టిందో లుసైల్ స్టేడియం చెబుతుంది. రెడ్ లైన్ ఉత్తరపు కొసన, ఇంకా పూర్తిగా జనం నిండని కొత్త నగరంలో, పాతకాలపు లాంతరునూ లోహపు గిన్నెనూ తలపించేలా కట్టిన ఈ బంగారు రంగు కట్టడంలో నవంబరు 22న సౌదీ అరేబియా 2–1తో అర్జెంటీనాను ఓడించింది. అప్పటికి వరుసగా 36 ఆటల్లో ఓటమి ఎరుగని అర్జెంటీనాకు ఇది పిడుగుపాటు. సరిహద్దు దాటి వచ్చిన సౌదీ అభిమానులకు పండుగ. 1934 నాటి నియమమే ఉండి ఉంటే మెస్సీ జట్టు ఆ సాయంత్రమే సామాను కట్టుకోవలసి వచ్చేది, ఆ నాటి అర్జెంటీనా కట్టుకున్నట్టే. గ్రూప్ దశ ఉన్నందువల్ల ఆ జట్టు ఒక్క మెట్రో స్టేషన్ ఇవతల ఖతార్ విశ్వవిద్యాలయంలోని తన విడిదికి వెళ్లి, నాలుగు రోజులకు అదే లుసైల్‌కు తిరిగి వచ్చి మెక్సికోను 2–0తో గెలిచింది. ఒక తప్పును దిద్దుకునే అవకాశమే గ్రూప్ దశ ఇచ్చే వరం.

అయితే ఈ దశకు తనదైన జబ్బు ఒకటుంది. 1982లో స్పెయిన్‌లోని హిహోన్ పట్టణంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు తమ చివరి గ్రూప్ ఆట ఆడేనాటికి ఆ గ్రూపులోని అల్జీరియా ముందురోజే తన ఆటలన్నీ ముగించుకుంది. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకు వెళతారని, అల్జీరియా ఇంటికి పోతుందని మైదానంలో అందరికీ తెలుసు. జర్మనీ పదో నిమిషం ప్రాంతంలో ఒక గోల్ కొట్టాక, రెండు జట్లూ మిగిలిన సమయమంతా బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ గడిపాయి. నియమాలు మాటవరసకు కూడా అతిక్రమించని ఆ ఆట తరువాత, 1986 నుంచి ప్రతి గ్రూపులోనూ చివరి రెండు ఆటలను ఒకే సమయానికి మొదలుపెట్టడం కట్టుబాటైంది. టీవీ సంస్థలకు ఇది నష్టమే, ప్రేక్షకుడికి ఒక ఆట తప్పిపోతుంది. అయినా టోర్నీ నిర్మాణంలో ఇంతకు మించిన మంచి మార్పు మరొకటి జరగలేదనవచ్చు.

ఆ మార్పు విలువను 2022లో ‘సి’ గ్రూప్ చూపింది. గోల్డ్ లైన్ తూర్పు కొసన రాస్ బు అబూద్ స్టేషన్ పక్కనే సముద్రానికి ఎదురుగా ఉన్న స్టేడియం పేరు 974. ఖతార్ అంతర్జాతీయ ఫోన్ కోడ్ అంకె అది, దాని నిర్మాణంలో వాడిన ఓడ కంటెయినర్ల లెక్క కూడా అంతే. పోటీలు ముగిశాక విప్పేయడానికి వీలుగా కట్టినది కాబట్టి దీనికి మాత్రం శీతలీకరణ ఏర్పాటు లేదు, ఆటలను సాయంత్రం, రాత్రి వేళలకే పెట్టారు. నవంబరు 30 రాత్రి పది గంటలకు, అంటే భారతదేశంలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకు, ఇక్కడ అర్జెంటీనా–పోలండ్, రెడ్ లైన్ చివర లుసైల్‌లో సౌదీ అరేబియా–మెక్సికో ఆటలు ఒకేసారి మొదలయ్యాయి. అప్పటికి పోలండ్‌కు 4, అర్జెంటీనాకు 3, సౌదీకి 3, మెక్సికోకు 1 పాయింటు. నాలుగు జట్లలో దేనికీ తలుపు మూసుకోలేదు. మొదటి సగంలో మెస్సీ పెనాల్టీని పోలండ్ గోల్‌కీపర్ ష్చెన్స్నీ ఆపడంతో రెండు చోట్లా స్కోరు 0–0గానే ఉండిపోయింది. రెండో సగం మొదలైన కొద్ది నిమిషాల్లో ఇక్కడ అర్జెంటీనా ఒక గోల్, అక్కడ మెక్సికో రెండు గోల్స్ కొట్టాయి. 67వ నిమిషంలో అర్జెంటీనా రెండోది కొట్టింది.

ఆ క్షణాన పోలండ్, మెక్సికో రెండింటికీ నాలుగేసి పాయింట్లు. ఆ పోటీ నిబంధనల ప్రకారం పాయింట్లు సమానమైనప్పుడు ముందుగా చూసేది గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసివేయగా మిగిలేది, ఇద్దరిదీ సున్నాయే. తరువాత చూసేది మొత్తం కొట్టిన గోల్స్, ఇద్దరివీ రెండే. ఆపైన ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితం. అది 0–0 డ్రా. ఇక మిగిలినది క్రమశిక్షణ లెక్క: పసుపు కార్డుకు ఒక పాయింటు, రెండో పసుపు కార్డు వల్ల వచ్చిన ఎర్ర కార్డుకు మూడు, నేరుగా చూపిన ఎర్ర కార్డుకు నాలుగు, పసుపు కార్డు మీద నేరుగా ఎర్ర కార్డు పడితే అయిదు చొప్పున కోత వేస్తారు. పోలండ్ ఆటగాళ్లు మూడు ఆటల్లో 5 పసుపు కార్డులు, మెక్సికో ఆటగాళ్లు 7 తెచ్చుకున్నారు కాబట్టి రెండు కార్డుల తేడాతో పోలండ్ ముందంజలో ఉంది. అది కూడా సమానమై ఉంటే చీటీ తీయడమే గతి. ఒక స్టేడియంలో పోలండ్ ఆటగాళ్లు ఓడుతూనే కార్డు పడకుండా, మరో గోల్ పడకుండా ఆడుతుంటే, మరో స్టేడియంలో మెక్సికో ఇంకొక్క గోల్ కోసం ఎగబడింది. ఎగబడిన జట్టు వెనుక ఖాళీ మిగులుతుంది. ఇంజురీ టైమ్‌లో సలేం అల్ దవ్సారీ సౌదీ తరఫున ఒక గోల్ కొట్టడంతో మెక్సికో గోల్ తేడా –1కు పడిపోయి, కార్డుల లెక్కతో పనే లేకుండా పోయింది. 2018లో మాత్రం ఇదే కార్డుల లెక్క సెనెగల్‌ను ఇంటికి పంపి జపాన్‌ను ముందుకు పంపింది.

ఈ వరుసలోని మొదటి రెండు మెట్లయిన గోల్ తేడాకూ, కొట్టిన గోల్స్ లెక్కకూ ఉదాహరణలు ఆ తరువాతి రెండు రోజుల్లోనే దొరికాయి. డిసెంబరు 1న గోల్డ్ లైన్ మీది స్పోర్ట్ సిటీ స్టేషన్ పక్కన, 1976 నాటి ఖలీఫా స్టేడియంలో జపాన్ 2–1తో స్పెయిన్‌ను ఓడించింది. రెండో గోల్‌కు ముందు బంతి గీత దాటిపోయినట్టే కనిపించినా, వీడియో సహాయంతో నిర్ణయాలను సరిచూసే వీఏఆర్ వ్యవస్థ మిల్లీమీటర్ల మేర బంతి లోపలే ఉందని తేల్చింది. అదే సమయంలో అల్ బైత్‌లో కోస్టారికా జర్మనీ మీద 2–1 ఆధిక్యం సంపాదించి, సుమారు మూడు నిమిషాల పాటు స్పెయిన్, జర్మనీ రెండింటినీ టోర్నీ బయట నిలబెట్టింది. చివరికి జర్మనీ 4–2తో గెలిచినా, స్పెయిన్‌తో సమానంగా 4 పాయింట్లతో ఆగి గోల్ తేడాలో వెనుకబడింది. మొదటి ఆటలో కోస్టారికా మీద స్పెయిన్ కొట్టిన ఏడు గోల్స్ ఎనిమిది రోజుల తరువాత దానికి అక్కరకొచ్చాయి. డిసెంబరు 2న ‘హెచ్’ గ్రూపులో దక్షిణ కొరియా, ఉరుగ్వే పాయింట్లలోనూ గోల్ తేడాలోనూ సమానం కాగా, కొట్టిన గోల్స్ నాలుగు కావడంతో కొరియా, రెండే కావడంతో ఉరుగ్వే చెరొక దారి పట్టాయి. పోర్చుగల్‌పై గెలిచిన కొరియా ఆటగాళ్లు ఎడ్యుకేషన్ సిటీ మైదానం మధ్యలోనే గుమిగూడి, అల్ జనూబ్‌లో ఉరుగ్వే–ఘనా ఆట ముగిసేదాకా ఎదురుచూశారు.

అల్ బైత్‌కు వెళ్లాలంటే లుసైల్ నుంచి బస్సులో ఉత్తరంగా అల్ ఖోర్ దారి పట్టాలి. ఇరువైపులా చదునైన రాతినేల తప్ప మరేమీ లేని ఆ దారి చివర, ఎడారి సంచార జాతుల నల్లటి గుడారపు ఆకారంలో స్టేడియం లేస్తుంది. ప్రారంభపు ఆటలో ఈక్వడార్ చేతిలో 2–0తో ఓడి, తొలి ఆటలోనే ఓడిన మొదటి ఆతిథ్య జట్టుగా ఖతార్ మిగిలిపోయింది ఇక్కడే. ఈ కట్టడాలను నిలబెట్టిన కూలీల్లో అత్యధికులు దక్షిణాసియా దేశాలవారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు సాగుతున్న వలసలో ఖతార్ కూడా ఒక గమ్యం. ఎండలో పని, అందని జీతాలు, కారణం సరిగా నమోదు కాని మరణాల గురించి మానవ హక్కుల సంస్థలు ఏళ్ల తరబడి చేసిన ఒత్తిడి ఫలితంగా 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలును ఖతార్ చట్టంలో చేర్చింది. పోటీలు జరిగిన రోజుల్లో నగరం వెలుపలి ఇండస్ట్రియల్ ఏరియాలోని క్రికెట్ మైదానంలో పెద్ద తెర కట్టి కార్మికులకు ఆటలు చూపించారు. స్టేడియం కట్టినవాడు తెర ముందు, టికెట్ కొన్నవాడు స్టేడియంలో కూర్చున్న ఆ ఏర్పాటును ఏ యాత్రాకథనమూ దాటవేయకూడదు.

గ్రూప్ దశలో మిగిలిన 16 జట్లతో నాకౌట్ మొదలైంది. ఎవరు ఎవరితో ఆడాలన్నది అప్పటికప్పుడు తీసే చీటీ కాదు. చెట్టుకొమ్మల ఆకారంలో ముందే గీసి ఉంచిన పట్టికను బ్రాకెట్ అంటారు. ‘ఎ’ గ్రూపులో మొదటి జట్టు ‘బి’లో రెండో జట్టుతో, ‘బి’లో మొదటిది ‘ఎ’లో రెండో జట్టుతో, ఇలా పక్కపక్క గ్రూపుల మధ్య అడ్డంగా జోడీలు కుదిర్చారు. ఒకే గ్రూపు నుంచి వచ్చిన రెండు జట్లను పట్టికలో చెరొక సగంలో పెట్టారు కాబట్టి, అవి మళ్లీ ఎదురుపడాలంటే ఫైనల్‌లో గానీ మూడో స్థానం ఆటలో గానీ కలవాలి. నవంబరు 23న అల్ బైత్‌లో 0–0తో విడిపోయిన మొరాకో, క్రొయేషియాలకు అదే జరిగింది: ‘ఎఫ్’ గ్రూపులో మొదటి స్థానంలో నిలిచిన మొరాకో స్పెయిన్‌నూ పోర్చుగల్‌నూ దాటి, సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా నిలిచి, ఫ్రాన్స్ చేతిలో ఓడింది, రెండో స్థానంలో నిలిచిన క్రొయేషియా మరో వైపు నుంచి జపాన్‌నూ బ్రెజిల్‌నూ దాటి అర్జెంటీనా చేతిలో ఓడింది. ఇద్దరూ డిసెంబరు 17న ఖలీఫా స్టేడియంలో మూడో స్థానానికి తలపడగా క్రొయేషియా 2–1తో గెలిచింది. ప్రీక్వార్టర్స్‌లో ఎనిమిది, క్వార్టర్స్‌లో నాలుగు, సెమీస్ రెండు, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్ ఒకటి కలిపి నాకౌట్ ఆటలు 16, మొత్తం 64.

నాకౌట్‌లో డ్రాకు చోటు లేదు. తొంభై నిమిషాలకూ స్కోరు సమంగా ఉంటే పదిహేనేసి నిమిషాల రెండు భాగాలుగా అదనపు సమయం ఆడిస్తారు. అప్పటికీ తేలకపోతే పన్నెండు గజాల దూరం నుంచి అయిదేసి పెనాల్టీలు తన్నే షూటౌట్ ఉంటుంది, అదీ సమమైతే ఒక్కొక్కటి చొప్పున తేడా వచ్చేదాకా కొనసాగుతుంది. 2022లో అయిదు ఆటలు ఇలా ముగిశాయి. ఒక ప్రపంచకప్‌లో ఇన్ని షూటౌట్లు అంతకు ముందు జరగలేదు. ఎడ్యుకేషన్ సిటీ స్టేడియానికి వీటిలో రెండు దక్కాయి: మొరాకో ముందు స్పెయిన్ ఒక్క పెనాల్టీ కూడా గోల్ చేయలేక 3–0తో ఓడింది, మూడు రోజుల తరువాత క్రొయేషియా 4–2తో బ్రెజిల్‌ను పంపేసింది. వేర్వేరు ఆటల్లో రెండు పసుపు కార్డులు పడిన ఆటగాడు తరువాతి ఆటకు దూరమవుతాడు. 2022లో ఒకే కార్డు ఉన్నవారికి క్వార్టర్‌ఫైనల్ తరువాత లెక్క చెరిపేశారు. నెదర్లాండ్స్‌తో క్వార్టర్‌ఫైనల్‌లో రెండో కార్డు తెచ్చుకున్న అర్జెంటీనా ఆటగాడు గొంజాలో మొంతియెల్ సెమీఫైనల్‌ను బయట కూర్చుని చూశాడు.

ఖతార్ జాతీయ దినోత్సవమైన డిసెంబరు 18న లుసైల్‌లో 88,966 మంది ముందు జరిగిన ఫైనల్ ఈ నియమాలన్నిటినీ ఒకే సాయంత్రంలో వాడుకుంది. ఎనభై నిమిషాల దాకా 2–0తో ఉన్న అర్జెంటీనాను రెండు నిమిషాల లోపే ఫ్రాన్స్ ఆటగాడు కీలియన్ ఎంబాపే రెండు గోల్స్‌తో అందుకున్నాడు. అదనపు సమయంలో మెస్సీ మరొకటి, ఎంబాపే పెనాల్టీతో తన మూడోది కొట్టడంతో 3–3 అయింది. షూటౌట్‌లో 4–2తో ఆటను ముగించిన పెనాల్టీ మొంతియెల్‌దే. అర్జెంటీనా ఆడిన ఏడు ఆటల్లో అయిదు లుసైల్‌లోనివే. ఓటమితో ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే కప్పు అందుకుంది.

ఏడాది తిరిగేసరికి 2024 జనవరిలో మొదలై, చాలావరకు ఇవే స్టేడియాల్లో జరిగిన ఆసియా కప్ వేరొక రూపాన్ని చూపింది. అందులో జట్లు 24, గ్రూపులు ఆరు. మొదటి రెండు స్థానాల నుంచి వచ్చే పన్నెండు జట్లు నాకౌట్‌కు చాలవు కాబట్టి మూడో స్థానంలో నిలిచిన ఆరింటిలో మెరుగైన నాలుగింటిని కూడా తీసుకుంటారు. మూడు ఆటల్లోనూ ఒక్క గోల్ కొట్టకుండా ఓడిన భారత్‌కు ఈ వెసులుబాటు అందలేదు గానీ, అదే గ్రూపులో మూడో స్థానంలోని సిరియాకు అందింది. ఇండోనేషియా తన ఆటలు ముగించుకుని, మరునాడు వేరే గ్రూపులో ఒమన్, కిర్గిజ్‌స్థాన్‌తో డ్రా చేసుకునేదాకా తన గతి ఏమిటో తెలియక ఎదురుచూసింది. హిహోన్ తరువాత వేసిన కట్టు ఇక్కడ సడలుతుంది: చివరి రోజు ఆడే గ్రూపులకు ఎంత చేస్తే చాలునో ముందే తెలిసిపోతుంది. 48 జట్లను పన్నెండు గ్రూపులుగా విడదీసి, మూడో స్థానాల్లో ఎనిమిదింటిని ముందుకు పంపేలా, మూడు దేశాల్లోని 16 నగరాలకు 104 ఆటలు పంచిన 2026 ప్రపంచకప్ రూపం కూడా ఈ లోపాన్ని మోస్తున్నదే. జట్లు పెరిగిన కొద్దీ గ్రూప్ దశ పదును తగ్గుతుందని చెప్పక తప్పదు.

కొత్తగా చూడబోయేవారు ఫైనల్ కోసం ఆగకుండా, ఏదో ఒక గ్రూపు చివరి రోజున ఒకేసారి జరిగే రెండు ఆటలను పాయింట్ల పట్టిక పక్కన పెట్టుకుని చూడటంతో మొదలుపెట్టడం మేలు. దానికి ముందు ఒక్క పని చేయాలి: పాయింట్లు సమానమైతే ఖతార్ ప్రపంచకప్‌లోలా గోల్ తేడాను ముందు చూస్తారా, ఆసియా కప్‌లోలా ముఖాముఖి ఫలితాన్ని ముందు చూస్తారా అన్నది ఆ పోటీ నిబంధనల్లో చదివి పెట్టుకోవాలి.